గేర్ ఆయిల్ పోసే ప్లగ్ దొరకనప్పుడు

సమస్య: డ్రెయిన్ ప్లగ్ విప్పి పాత గేర్ ఆయిల్ దింపేశారు, కొత్తది పోసే దారి మాత్రం దొరకడం లేదు, దొరికినా ఆ ప్లగ్ కదలడం లేదు. ఇక బండి షెడ్డు దాటదు. ఆయిల్ పోసే పై ప్లగ్ వదులవుతుందని తేలాకే కింది ప్లగ్ మీద స్పానర్ పెట్టాలని ఎంత చెప్పినా, అందరూ దాటవేసేది ఈ ఒక్క పనినే.

ఎక్కడ ఉంటుంది: ముందు చక్రాలతో నడిచే కార్లలో చాలావాటికి అది గేర్ బాక్సు పక్క గోడ మీద, డ్రెయిన్ ప్లగ్ కన్నా ఎగువన ఉంటుంది. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగే బండ్లకు గ్రానైట్ దుమ్ము, సీలు నుంచి ఊరిన ఆయిల్ కలిసి పెచ్చు కట్టి దానిని కప్పేస్తాయి. డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో రుద్దితే అంచు బయటపడుతుంది.

అసలు మోసం ఇక్కడే ఉంది. పెచ్చు రాలగానే కనిపించే బోల్టు ఆయిల్ ప్లగ్ కాకపోవచ్చు. వేసిన గేరు జారకుండా ఆపే స్ప్రింగు, ఉక్కు గుండు కొన్ని గేర్ బాక్సుల్లో అలాంటి బోల్టు వెనుకే ఉంటాయి; రివర్స్ గేరు ఇరుసును పట్టి ఉంచే బోల్టు కూడా బయటికే కనిపిస్తుంది. ఒంగోలులో ఒక పాత కారు కింద నేనే ఇలా దెబ్బతిన్నాను. రెండు చుట్లు తిప్పేసరికి లోపలి నుంచి ఏదో తోస్తున్నట్టు స్పానర్‌కు తెలిసింది. ఆయిల్ ప్లగ్ ఎప్పుడూ అలా తోయదు. అయినా నేను ఆగలేదు. స్ప్రింగు అరచేతిలో పడింది, గుండు ట్రేలోని నల్లటి ఆయిల్‌లో మునిగింది. దానిని అయస్కాంతంతో దేవి మళ్లీ బిగించకపోతే, ఎక్సలేటర్ వదిలినప్పుడల్లా గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోయేది. అందువల్ల గేరు కేబుళ్లు వచ్చి కలిసే చోటికి దగ్గరగా ఉన్న చిన్న బోల్టులను, వైరు తగిలించిన రివర్స్ లైటు స్విచ్చిని ముట్టుకోకుండా, మీ మోడల్ మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చి చూసుకున్న తరువాతే ఆయిల్ ప్లగ్‌ను విప్పండి.

ప్లగ్ పట్టేసి ఉంటే: ఉప్పుగాలి తగిలే కొత్తపట్నం వైపు బండ్లలో ఇది మామూలే. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, తలకు సరిగ్గా పట్టే ఆరు పలకల సాకెట్‌తో ముందు కొద్దిగా బిగించి, తరువాత విప్పండి. పలకలు అరిగిపోయాయంటే ఇక వెల్డింగు పనే.

కొన్ని మోడళ్లకు ఈ ప్లగ్ ఉండదు. స్పీడోమీటర్ గేరు రంధ్రం గుండా కొలిచి పోస్తారు. అవి అరుదు.

పోసే రంధ్రమే ఆయిల్ మట్టాన్ని (లెవెల్) చూపే బండిలో దాని అంచు నుంచి ఆయిల్ పొర్లే వరకు పోయాలి, అదీ బండి సమతలంగా ఉన్నప్పుడే. ఒక పక్కనే జాకీ ఎత్తి పోస్తే, ఆ లెవెల్‌ను నమ్మడానికి లేదు.