కీళ్లవాతం మీద మొక్కల ఎక్స్‌ట్రాక్ట్ టెస్ట్ చేస్తున్నారా? ముందు ఖాళీ వెల్స్ సంగతి చూడండి

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) మీద ఏదో ఒక మొక్కని పరీక్షిద్దామని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు పట్టుకునేది గుడ్డు తెల్లసొనతో చేసే ప్రోటీన్ డీనేచురేషన్ టెస్ట్. ఖర్చు తక్కువ, ఒక్క పూటలో అయిపోతుంది, గ్రాఫ్ కూడా చక్కగా వస్తుంది. చేయండి, తప్పులేదు, కానీ ఆ ఒక్క గ్రాఫ్ పట్టుకుని "ఈ ఆకు కీళ్లవాతాన్ని తగ్గిస్తుంది" అని మాత్రం రాయకండి. వేడికి ఆల్బుమిన్ గడ్డకట్టకుండా ఆపడం వేరు, మన ఇమ్యూన్ సిస్టమే కీలు లోపలి పొర మీద పడి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి వాపు పెంచే ప్రోటీన్లు గుప్పించి చివరికి ఎముకని కూడా తినేసే జబ్బుని ఆపడం వేరు.

మొక్కతో మొదలుపెడదాం. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో గుర్తింపు చేయించి, ఒక నమూనా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోట) ఇచ్చి నంబర్ తీసుకోండి. ఏ భాగం, ఎప్పుడు కోశారు, ఏ సాల్వెంట్, ఎంత పొడికి ఎంత ఎక్స్‌ట్రాక్ట్ వచ్చింది, అన్నీ ఆ రోజే నోట్‌బుక్‌లో రాసెయ్యండి. మొత్తం ప్రయోగాలకి సరిపడా ఒకే బ్యాచ్ చేసుకుని హెచ్‌పీఎల్‌సీ ప్రొఫైల్ (అందులోని రసాయనాల్ని విడదీసి చూపే గ్రాఫ్) తీసి పెట్టుకుంటే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది, ఎందుకంటే రెండో బ్యాచ్ మొదటిదానిలా ఉండకపోవచ్చు.

ఇక సెల్స్. మామూలుగా రా 264.7 మాక్రోఫేజ్‌లకి (ల్యాబ్‌లో పెంచే ఎలుక ఇమ్యూన్ సెల్స్) ఎల్‌పీఎస్ (వాపుని రేపే బ్యాక్టీరియా ఎండోటాక్సిన్) ఇచ్చి, అవి వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌ని గ్రీస్ రియేజెంట్‌తోనూ (అది నైట్రైట్‌గా మారాక రంగుతో చూపే రసాయనం), టీఎన్ఎఫ్‌ని ఎలైజాతోనూ (యాంటీబాడీలతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష) కొలుస్తారు. ఎక్స్‌ట్రాక్ట్‌కి సెల్సే చచ్చిపోతే నైట్రిక్ ఆక్సైడ్ ఎలాగూ తగ్గుతుంది, దాన్ని మందు గుణం అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి పక్కనే ఎంటీటీ (బతికున్న సెల్స్ పసుపు రంగుని ఊదారంగుగా మార్చే పరీక్ష) కూడా చేస్తారు. అసలు చిక్కు ఇక్కడే. నేను మొదటిసారి చేసినప్పుడు డోసు పెంచేకొద్దీ సెల్స్ ఇంకా హుషారుగా బతుకుతున్నట్టు రీడింగ్ వచ్చింది, కంట్రోల్ కంటే ఎక్కువ! ఎంత సంబరపడ్డానో. మా సీనియర్ ఒకావిడ ప్లేట్ చూసి, సెల్స్ లేని వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే వేసి మళ్లీ చెయ్యమంది. ఆ వెల్స్ కూడా ఊదారంగులోకి తిరిగాయి. మొక్కల్లో ఉండే ఫీనాలిక్స్ ఎంటీటీని నేరుగా రెడ్యూస్ చేసేస్తాయి, దానికి సెల్స్‌తో పనే లేదు. అందుకే సెల్స్ లేని వెల్స్ ప్రతి ప్లేట్‌లో, ప్రతి డోసుకీ పెట్టండి. ఎంటీటీ వేసేముందు ఎక్స్‌ట్రాక్ట్ తీసేసి సెల్స్‌ని కడగండి, చచ్చిన సెల్స్‌కి మాత్రమే అంటే నీలిరంగు ట్రైపాన్ బ్లూతో కూడా ఒకసారి సరిచూసుకోండి.

గ్రీస్‌కి కూడా ఇలాంటి పరీక్షే కావాలి. తెలిసినంత నైట్రైట్ ఉన్న మీడియంలో ఎక్స్‌ట్రాక్ట్ కలిపి చదవండి, రీడింగ్ మారిందంటే అది మొక్క రంగో, రసాయన అడ్డంకో. ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే ఇచ్చిన సెల్స్ కూడా ఉండాలి, ఎందుకంటే మొక్క పొడిలోనే బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఉండొచ్చు. ఎక్స్‌ట్రాక్ట్‌ని కరిగించే డీఎంఎస్ఓ అన్ని వెల్స్‌లోనూ ఒకేలా ఉండాలి, కుదిరితే 0.1 శాతం దాటనివ్వకండి.

ఇవన్నీ నిలబడితే, ఆపరేషన్‌లో తీసిన రోగుల కీలు పొర నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్ట్‌లు దొరుకుతాయేమో చూడండి. జబ్బుకి దగ్గరైన సెల్స్ అవే.

జంతువుల దాకా వెళ్తే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, మిగతావన్నీ తర్వాత. క్యారజీనన్‌తో (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) పాదం వాచేలా చేసేది కొన్ని గంటల వాపు, అది ఆర్థరైటిస్ కాదు. డీబీఏ/1 అనే జాతి చిట్టెలుకలకి టైప్ 2 కొల్లాజెన్ (కీళ్ల మృదులాస్థిలో ఉండే ప్రోటీన్) ఇచ్చి 21వ రోజు బూస్టర్ వేసే మోడల్ చాలా నయం. ఒక్కో పాదానికి 0 నుంచి 4, మొత్తం 16 స్కోరు, వేసేవాళ్లకి ఏ గ్రూపు ఏదో తెలియకూడదు. వాపు కనిపించాకే మందు మొదలుపెట్టే గ్రూపు ఒకటి తప్పకుండా పెట్టండి, డాక్టర్ దగ్గరికి ఎవరైనా కీళ్లు వాచాకే కదా వచ్చేది.

డోసు లెక్క కూడా ముందే వేసుకోండి. చిట్టెలుకకి కిలోకి 500 మిల్లీగ్రాములంటే, దాని డోసుని మనిషి డోసుగా మార్చే 12.3తో భాగిస్తే మనిషికి కిలోకి సుమారు 40, అంటే 60 కిలోల మనిషికి రోజుకి 2.4 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. మీకు పొడిలో 10 శాతమే ఎక్స్‌ట్రాక్ట్ వస్తుంటే రోజుకి 24 గ్రాముల ఎండు ఆకు అన్నమాట, అది ఎవరైనా నెలల తరబడి తీసుకోగలరా?

పనిచేసినా భద్రత వేరే సంగతి. చైనాలో వాడే ట్రిప్టరీజియం విల్ఫోర్డియై అనే మొక్క కీళ్లవాతం రోగుల మీద ట్రయల్స్‌లో నిజంగానే ఫలితం చూపించింది, కానీ సంతానశక్తిని దెబ్బతీసే గుణం కూడా దానికుంది. మీ పరీక్షకి వచ్చే రోగుల్లో చాలామంది అప్పటికే మెథోట్రెక్సేట్ (కీళ్లవాతానికి మామూలుగా ఇచ్చే మందు) మీద ఉంటారు, దాన్ని ఆపమనకూడదు, అందుకే ఎలుకల దశలోనే మెథోట్రెక్సేట్‌తో కలిపి ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చే గ్రూపు ఒకటి పెట్టి, చివర్లో లివర్ ఎంజైమ్‌లు, రక్తకణాల లెక్క చూడండి.