చర్చిలో రాజకీయం, సైన్స్, కులం గురించి మాట్లాడుకోవాలంటే: నెలకో కూడిక ఎలా పెట్టుకోవాలి

ఎన్నికలు, రిజర్వేషన్లు, బడులు, టీకాలు... మన సంఘాల్లో వీటి ప్రస్తావన రాని ఆదివారం ఉండదు, కాకపోతే ఆ మాటలన్నీ ఆరాధన అయ్యాక బయట బైకుల దగ్గర, లేదంటే రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో. మందిరం లోపల ఎవరైనా ఎత్తితే "లోక సంబంధమైనవి మనకెందుకు బ్రదర్" అని నోరు మూయిస్తారు. ఆ మాటల్ని నెలకోసారి లోపలికి తెచ్చి, గొడవ కాకుండా, ఎవరూ అలిగి పక్క సంఘానికి వెళ్లిపోకుండా ఎలా నడపాలో చెప్తాను. యవనస్థుల కూడిక ఎలాగూ ఉంటుంది కాబట్టి కొత్తగా కమిటీ, బ్యానరు, మైకు ఏమీ అక్కర్లేదు, నెలలో ఒక వారం దీనికి ఇస్తే చాలు.

ముందు అయ్యగారికి (పాస్టరుకి), సంఘ పెద్దలకు చెప్పండి. చెప్పకుండా మొదలుపెడితే రెండో నెలకే ఆగిపోతుంది. వాళ్ల భయం ఒకటే, "చర్చిలో రాజకీయాలు పెట్టారని ఎవరైనా కంప్లైంట్ ఇస్తే?" అని. ఆ భయం ఉత్తిదేం కాదు. మత సంస్థల దుర్వినియోగాన్ని అరికట్టడానికి 1988లో వచ్చిన చట్టం ప్రకారం ప్రార్థనా స్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడితే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) కింద మతం పేరు చెప్పి, కులం పేరు చెప్పి ఓటడగడం ఎన్నికల అక్రమం. 2017లో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 తేడాతో, అభ్యర్థి మతం పేరు చెప్పినా, ఓటరు మతం పేరు చెప్పినా తప్పేనంది. కాబట్టి పెద్దలకు ముందే మాటివ్వండి: పార్టీ పేరు ఎత్తం, అభ్యర్థిని పిలవం, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాల దాకా కూడిక పెట్టం. ఆ చివరిది చట్టం అడగలేదు, నేనే అడుగుతున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో తాగునీటి గురించి మాట్లాడినా పార్టీ వాసనే వస్తుంది. (ఎన్నికలప్పుడు అభ్యర్థిని స్టేజీ ఎక్కించి తల మీద చేతులుంచి ప్రార్థించే అలవాటు మీ దగ్గర ఉంటే, ఈ చట్టాల సంగతి కాస్త మెల్లగా చెప్పండి.)

ఇక నడపడం. కూడికను ఎవరి అభిప్రాయంతోనూ మొదలుపెట్టొద్దు, ఒక కాగితంతో మొదలుపెట్టండి. ఒకే పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో, అందరికీ తలో కాపీ. ఒకరు రెండుసార్లు పైకి చదవాలి. మొదటి పది నిమిషాలు "ఇందులో ఏముంది" అన్న ప్రశ్న ఒక్కటే. తర్వాత "మన ఊళ్లో ఇది ఎవరికి తగులుతుంది". బైబిల్ వాక్యం ఆ తర్వాతే తెరవాలి. ముందే తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు, వచనం చదివినాయన ఇరవై నిమిషాలు ప్రసంగం చేస్తాడు, కాగితం కింద పడిపోతుంది. పేదవాడి గోడు పట్టించుకోమని విశ్వాసం చెబుతుంది సరే, కానీ ఆ పేదవాడి రేషన్ కార్డు ఎందుకు ఆగిందో అది చెప్పదు, ఆఫీసులో కాగితం చూస్తేనే తెలుస్తుంది. మనం మాత్రం ప్రార్థన బాగా చేసేవాళ్లకి చట్టం, వైద్యం, ఆర్థిక శాస్త్రం కూడా వచ్చనుకుంటాం.

మొదటి కూడికకే కష్టమైన అంశం తీసుకోండి, ఎవరిని ఎస్సీలుగా లెక్కించాలో చెప్పే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. మొత్తం అక్కర్లేదు, మూడో పేరా చాలు, అది ఒకే వాక్యం: హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులస్థుడిగా పరిగణించరాదని. అందులో 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఎస్టీలకు ఈ షరతు లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి అనే గుంపులో పెట్టారు, రిజర్వేషన్ వాటా 1 శాతం. ఈ షరతు తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది, 2022లో ఇదే విషయం మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ, రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది.

ఇదంతా చదివాక ఎవరూ నోరు మెదపరు. చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి టీసీలో ఇంకో పేరు ఉన్న ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. అందుకని ఈ ఒక్క అంశానికి గట్టి నియమం పెట్టండి: ఎవరి సర్టిఫికెట్లో ఏముందో ఎవరూ అడగకూడదు, తన సంగతి తనే చెప్పబోయినా "వద్దన్నా, అది మీ ఇంటి విషయం" అని ఆపేయాలి. ఫోన్లన్నీ కానుకల బల్ల మీద పెట్టించండి, రికార్డింగ్ వద్దే వద్దు. రిటైరైన ఒక మేస్టారు లేచి "అబద్ధమాడటం పాపం కాదా బాబూ" అంటారు, డిగ్రీ చదివే అమ్మాయి "తాతగారూ, అబద్ధమాడేలా చేసిన చట్టం సంగతేంటి" అంటుంది. ఇద్దర్నీ పూర్తిగా మాట్లాడనివ్వండి, మధ్యలో సర్దిచెప్పకండి.

అప్పుడు అసలు ప్రశ్న వేయండి. మతం మారినా కులం పోలేదు, అవమానం అలాగే ఉంది, అందుకే హక్కు ఇవ్వండి అని మనం ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. సరే, మరి పోలేదన్న ఆ కులం ఎక్కడుంది? మాలపల్లె చర్చి, మాదిగపల్లె చర్చి అని విడివిడిగా ఎందుకున్నాయి, కొన్ని ఊళ్లలో సమాధుల తోటలో కూడా గీత ఎందుకుంది, "క్రైస్తవ వధువు కావలెను" అన్న ప్రకటనలో రెండో లైనులోనే కులం ఎందుకు ఉంటుంది? కోర్టులో ఒక మాట, పుల్పిట్ మీద "మనలో కులం లేదు" అని ఇంకో మాట చెప్పలేం. ఇక్కడ టెన్షన్ పెరుగుతుంది, పెరగనివ్వండి, నా లెక్కలో కూడిక మొదలయ్యేదే ఇక్కడ. ఎస్సీ వర్గీకరణను, అంటే ఎస్సీ కోటాను కులాల గుంపులవారీగా పంచడాన్ని, మాత్రం ఇదే రోజు కలపొద్దు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం వచ్చాక కొన్ని సంఘాల్లో పక్కపక్కన కూర్చునేవాళ్లే మాట్లాడుకోవడం మానేశారు. దానికి విడిగా ఒక నెల కావాలి, రెండు వైపుల నుంచి చెరొకరు కలిసి కాగితం తయారు చేయాలి.

వాక్యం దగ్గరికొచ్చాక రోమా 13 ఒక్కటే చదివి "అధికారులకు లోబడండి" అని ముగించొద్దు, అపొస్తలుల కార్యములు 5:29 కూడా పక్కన పెట్టండి, అక్కడ పేతురు అధికారుల ముందు నిలబడి వాళ్ల మాట కంటే దేవుని మాటే వింటామన్నాడు. 1 రాజులు 21లో, రాజు కోసం మనిషిని చంపించి తోట లాక్కున్న నాబోతు ద్రాక్షతోట కథైతే భూమి తగాదాలున్న ఊరిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

సైన్స్ విషయానికొస్తే, చాలామంది పరిణామ సిద్ధాంతంతో మొదలుపెట్టి గంటసేపు అరుచుకుంటారు. అది తర్వాత చూసుకోవచ్చు, ముందు మందులు. స్వస్థత ప్రార్థనకు వెళ్లొచ్చి షుగరు మాత్రలు ఆపేసినవాళ్లు మీ సంఘంలోనే ఉండొచ్చు. టీబీ సంగతి చూడండి, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, తగ్గగానే దేవుడు బాగుచేశాడని సంఘంలో సాక్ష్యం చెప్పి మందు ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, ఆ మొండి టీబీ ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. ఈ నెల కూడికకు మీ పీహెచ్‌సీ డాక్టరునో, ఏఎన్ఎంనో పిలవండి, వాళ్లు ఏ మతం వాళ్లయినా సరే. అయ్యగారిని ఒక్క నిర్ణయం అడగండి: స్వస్థత సాక్ష్యంలో "మందులు మానేశాను" అన్న మాట వస్తే అక్కడికక్కడే "డాక్టరు చెప్పాకే మానండమ్మా" అని ఆయనే మైకులో చెప్పాలి. మన పెద్దలు ప్రార్థనకు, వైద్యానికి మధ్య గోడ కట్టలేదు. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898 నాటికి అక్కడ ఆసుపత్రి తెరిచింది క్రీస్తు పేరు మీదే, మందులతోనే. క్యాన్సరు, షుగరు తగ్గిస్తామని మహాసభల పోస్టర్లు వేయించేవాళ్లు 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకసారి చదివితే వాళ్లకే మంచిది.

విశ్వం గురించి మాట్లాడే నెలలో జార్జ్ లెమైట్ర్ గురించి చెప్పండి. బెల్జియం దేశపు కాథలిక్ ఫాదర్, విశ్వం విస్తరిస్తోందని 1927లోనే లెక్కలు కట్టి చూపినవాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే సంతోషించాల్సింది పోయి లెమైట్ర్ ఇబ్బంది పడ్డాడు, విశ్వాసాన్ని, లెక్కల్ని అలా ముడిపెట్టొద్దన్నాడు. "నాసా బైబిల్ నిజమని ఒప్పుకుంది" అని ఫార్వర్డ్ చేసే అన్నయ్యకు ఈ కథ వినిపించాలి. కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2023లో పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పాఠం తీసేస్తే మనలో కొందరు లోలోపల సంతోషించారు కూడా, నాకది నచ్చలేదు. పిల్లలు చదవాలి, ప్రశ్నలు వేయాలి, "పరీక్షలో రాయి, ఇంట్లో నమ్మకు" అని నేర్పితే వాళ్లకు వచ్చేది దొంగతనమే.

చదువు అంశానికి కాగితం రెడీగా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉంచమంది, 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఇది వర్తించదంది, 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీలు ఆ తీర్పు మీదే సందేహం తెలిపి పెద్ద ధర్మాసనానికి పంపమన్నారు. కోర్టు ఏం తేల్చినా, మీ ఊళ్లో మిషన్ బడి ఉంటే ఫీజు కట్టలేని పిల్లలు ఎంతమంది అందులో చదువుతున్నారో అడగండి. మినహాయింపు ఉంది కాబట్టి సీటు ఇవ్వం అనేది చట్టం ముందు చెల్లుతుంది, యేసు ముందు చెల్లుతుందా అన్నదే చర్చ.

బయటివాళ్లు "బియ్యం కోసం మతం మారారు" అంటే ఏం చెప్పాలని కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు. కోపం తెచ్చుకునే బదులు ఒంగోలు చరిత్ర చెప్పండి. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువుబాధితులకు కూలి పని ఇచ్చాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. అదే నిక్కచ్చితనం ఇప్పుడు మన చందాల పుస్తకంలో ఉందా అన్నది కూడా అడగండి, అది చేదుగానే ఉంటుంది.

కొన్ని చిన్న సంగతులు. కుర్చీలు గుండ్రంగా వేయండి, ముందు ఆడవాళ్లను మాట్లాడనివ్వండి, లేకపోతే వాళ్ల వంతు టీ ఇచ్చేటప్పటికి వస్తుంది. ఎవరైనా ఫార్వర్డ్ చదివితే తేదీ ఎప్పటిది, ఊరేది, ఎవరు రాశారు అని అడగండి, మూడింటికీ జవాబు లేకపోతే పక్కన పెట్టండి. గంటన్నర దాటనివ్వకండి.

లేచేముందు ఒక పని తేల్చుకోండి, ఒక్కటే, పేరుతో సహా: ఫలానా బ్రదర్ మందుల కోసం పీహెచ్‌సీకి వెళ్లి అడుగుతాడు, ఫలానా సిస్టర్ ఆగిపోయిన స్కాలర్‌షిప్పుల మీద సమాచార హక్కు దరఖాస్తు రాస్తుంది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి, అంటే సరిగ్గా వచ్చే కూడిక నాటికి. రాకపోతే అప్పీలు ఎవరికి పెట్టాలో ఆ రోజు కాగితం అదే.