ఫర్‌సేక్: ‘చెయ్యి విడవడం’ అనే మాటను ఇంగ్లిష్‌లో సరిగ్గా వాడటం ఎలా?

‘ఐ ఫర్‌సుక్ మై అంబ్రెల్లా ఇన్ ద బస్.’

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒకమ్మాయి నోట్‌బుక్‌లో ఈ వాక్యం చూశాను. అదే లైన్‌లో రెండు కొట్టివేతలున్నాయి. మొదట ‘ఫర్‌సేక్డ్’ అని రాసి కొట్టేసింది, తర్వాత ‘ఫర్‌సుక్డ్’ అని రాసి అదీ కొట్టేసింది, చివరికి ‘ఫర్‌సుక్’ దగ్గర ఆగింది. వెర్బ్ రూపం వరకూ కరెక్టే, ఎవరూ చెప్పకుండా తనే అక్కడికి చేరింది కూడా. కానీ వాక్యం మాత్రం తప్పు, ఎందుకంటే బస్సులో గొడుగు మర్చిపోతాం, పోగొట్టుకుంటాం, అంతేగానీ దాన్ని ఫర్‌సేక్ చెయ్యం. ఈ వెర్బ్‌తో వచ్చే చిక్కంతా ఇదే: రూపాలు పది నిమిషాల్లో వచ్చేస్తాయి, ఎక్కడ వాడాలో తెలియడానికే టైం పడుతుంది. అందుకే రూపాల సంగతి ముందు త్వరగా తేల్చేసి, అర్థం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

మీకు టేక్ వస్తే ఫర్‌సేక్ వచ్చినట్టే. టేక్, టుక్, టేకెన్. షేక్, షుక్, షేకెన్. ఫర్‌సేక్, ఫర్‌సుక్, ఫర్‌సేకెన్. ఈ మూడింటినీ వరసగా నాలుగుసార్లు పైకి చదవండి, చెవికి పట్టేస్తుంది. ఇంగ్లిష్‌లో ఈ బాణీలో నడిచే వెర్బ్‌లు ఈ మూడూ, టేక్‌తో ముగిసే అండర్‌టేక్, మిస్టేక్, పార్టేక్ లాంటివీ మాత్రమే. మేక్ చూడ్డానికి ఇలాగే ఉన్నా మేడ్ అవుతుంది, బేక్ బేక్డ్ అవుతుంది, వేక్ వోక్ అవుతుంది. అందుకని ‘ఏక్ అని వినిపిస్తే ఉక్ చేసెయ్యాలి’ అని రూల్ పెట్టుకోకండి.

పలికేటప్పుడు ఒత్తు రెండో భాగం మీద పడాలి: ఫర్‌-‘సేక్’. మొదటి ‘ఫర్’ని తేలిగ్గా దాటెయ్యాలి. ఫర్‌సుక్‌లో ‘సు’ పొట్టిది, బుక్, కుక్‌లలో ఉన్నట్టు. ‘ఫర్‌సూక్’ అని సాగదీయకూడదు. స్పెల్లింగ్‌లో మొదట వచ్చేది ఎఫ్, ఓ, ఆర్ మాత్రమే, దాని వెనక ఇ ఉండదు. ఇ పెట్టి రాసే ‘ఫోర్’ వేరే ముక్క, దానికి ‘ముందు’ అని అర్థం, ఫోర్‌సీ అంటే ముందే చూడగలగడం అయింది అందుకే. మన ఫర్‌సేక్‌లో ఉన్నది ఫర్‌బిడ్, ఫర్‌గివ్, ఫర్‌గెట్‌లలో ఉన్న ఫర్. వాటి పక్కన పెట్టి గుర్తుంచుకుంటే స్పెల్లింగ్ తప్పదు. ఫర్‌సుక్‌లో రెండు ఓలు వస్తాయి, ఫర్‌సేకెన్‌కి ఫర్‌సేక్ చివర ఒక్క ఎన్ చేరిస్తే చాలు, ఫర్‌సేకింగ్‌లో చివరి ఇ పోయి ఐఎన్‌జీ వస్తుంది. ఇంకో మాట, ఫర్‌సూత్ అనే పాత ఇంగ్లిష్ మాట ఒకటుంది, దానికి ‘నిజంగా, నిజం చెప్పాలంటే’ అని అర్థం, దీనికీ ఫర్‌సుక్‌కీ ఏ చుట్టరికమూ లేదు.

ఇక టెన్స్‌లు. స్కూల్లో అందరం వి1, వి2, వి3 అని బట్టీ పట్టినవాళ్లమే కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. వి2 అయిన ఫర్‌సుక్ ఒంటరిగా నిలబడుతుంది: ‘షీ ఫర్‌సుక్ హర్ ఓల్డ్ ఫ్రెండ్స్’, అంటే పాత స్నేహితుల్ని విడిచిపెట్టేసింది. వి3 అయిన ఫర్‌సేకెన్‌ని వెర్బ్‌గా వాడితే దాని ముందు ఒక తోడు కావాలి, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ గానీ, ఈజ్, వాజ్, వర్ గానీ. ‘షీ హ్యాజ్ ఫర్‌సేకెన్ హర్ ఓల్డ్ ఫ్రెండ్స్.’ ఇక్కడ ‘హ్యాజ్ ఫర్‌సుక్’ అని రాయడం చాలామంది చేసే పొరపాటు. అనుమానం వస్తే ఫర్‌సేక్ తీసేసి ఆ చోట టేక్ పెట్టి చూడండి. ‘హ్యాజ్ టుక్’ అని ఎవరూ అనరు కదా, మీ చెవే తప్పు పట్టేస్తుంది.

ఇంతకంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటుంది: ‘షీ డిడ్ నాట్ ఫర్‌సుక్ హిమ్.’ పాస్ట్ కాబట్టి పాస్ట్ రూపమే పెట్టాలి అనిపిస్తుంది, అనిపించడం సహజం కూడా. కానీ పాస్ట్ అనే బరువును డిడ్ అప్పటికే మోసేసింది, కాబట్టి వెనక వచ్చే వెర్బ్ మామూలు రూపంలోనే ఉండాలి: ‘షీ డిడ్ నాట్ ఫర్‌సేక్ హిమ్.’ ప్రశ్నలోనూ అంతే, ‘డిడ్ షీ ఫర్‌సేక్ హిమ్?’ విల్, వుడ్, కెన్, మస్ట్ వచ్చినా వెనక ఫర్‌సేకే. ‘వుడ్ హ్యావ్’ వచ్చిందంటే మాత్రం హ్యావ్ ఉంది కాబట్టి ఫర్‌సేకెన్.

ఇప్పుడు అసలు విషయం. డిక్షనరీ తీస్తే ‘వదిలివేయు, విడిచిపెట్టు’ అని ఉంటుంది. అదే చిక్కు తెచ్చిపెడుతుంది, ఎందుకంటే తెలుగులో మనం తలుపు తీసి వదిలేస్తాం, క్లాసు వదిలేస్తారు, అన్నం సగం తిని వదిలేస్తాం, ఇవేవీ ఫర్‌సేక్ కావు. ఫర్‌సేక్‌కి మన భాషలో సరిగ్గా అమరే మాట ‘చెయ్యి విడవడం’ అని నా అభిప్రాయం. ఇది నా సొంత ఊహ కూడా కాదు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్లో, సిలువ మీద యేసు అరిచిన మాట ‘మై గాడ్, మై గాడ్, వై హ్యాస్ట్ దౌ ఫర్‌సేకెన్ మి’ అని ఉంటుంది. తెలుగు బైబిల్లో అదే చోట ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని ఉంది. విడిచితివి అని ఊరుకోకుండా చెయ్యి విడిచితివి అన్నారు చూడండి, ఆ ఒక్క ‘చెయ్యి’లో ఫర్‌సేక్ అర్థమంతా ఉంది. పట్టుకుని ఉండాల్సిన చెయ్యి అది, నమ్మకం పెట్టుకున్న చెయ్యి, అవసరమైన వేళకి లేకుండా పోయింది.

అదే బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రికలో ‘ఐ విల్ నెవర్ లీవ్ దీ, నార్ ఫర్‌సేక్ దీ’ అని మరో మాట ఉంది. లీవ్, ఫర్‌సేక్ రెండూ ఒకటే అయితే పక్కపక్కన రెండూ చెప్పాల్సిన పని లేదు. తెలుగులోనూ ‘విడువను’ అనీ ‘ఎడబాయను’ అనీ రెండు మాటలు వాడారు. లీవ్ అంటే ఉన్న చోటు నుంచి కదిలి వెళ్లడం, ఫర్‌సేక్ అంటే బంధం తెంపుకోవడం. ఆఫీసుకి వెళ్లేటప్పుడు రోజూ ఇంటివాళ్లని లీవ్ చేస్తాం, ఫర్‌సేక్ చెయ్యం.

కాబట్టి వాడబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ వదిలేసినవాళ్లకీ, వదిలేసిన దానికీ మధ్య బంధమో, మాటో, నమ్మకమో ఉందా? స్నేహితులు, కుటుంబం, విశ్వాసం, సిద్ధాంతాలు, పుట్టిన ఊరు, ఎన్నాళ్లుగానో బతికిన తీరు, వీటన్నిటికీ ఫర్‌సేక్ చక్కగా సరిపోతుంది. ‘హి ఫర్‌సుక్ హిజ్ ప్రిన్సిపుల్స్ ఫర్ మనీ’ అంటే డబ్బు కోసం నమ్మిన సిద్ధాంతాల్ని వదిలేశాడు. ఇక్కడున్న ‘ఎక్స్‌ని వై కోసం’ అనే ఈ ‘ఫర్’ అమరిక బాగా పనికొస్తుంది, ‘దే ఫర్‌సుక్ ద సిటీ ఫర్ ద హిల్స్’ అన్నట్టు. గొడుగు, పెన్ను, సగం చూసిన సినిమా, ఇలాంటివాటికి వద్దు.

దీని చుట్టుపక్కల మాటలతో కూడా తేడా తెలుసుకోవాలి. అబాండన్ చాలా పెద్ద సంచీ లాంటిది, ఓడని, కారుని, ప్లాన్‌ని, పిల్లల్ని, దేన్నైనా అందులో వెయ్యొచ్చు. ప్రాజెక్టు మధ్యలో ఆపేస్తే అది అబాండన్, అక్కడ ఫర్‌సేక్ పెడితే నప్పదు. డిజర్ట్‌లో డ్యూటీ వదిలి పారిపోయిన వాసన ఉంటుంది, సైనికుల విషయంలో ఎక్కువ వింటాం. ఎక్కువగా కలిసిపోయేది ఫర్‌గో. దానికి తెలుగు ‘వదులుకోవడం’: జీతంలో పెంపు వదులుకున్నాడు, సెలవు వదులుకుంది. మన భాషలో వదిలెయ్యడానికీ వదులుకోవడానికీ ఉన్న తేడాయే ఫర్‌సేక్‌కీ ఫర్‌గోకీ మధ్యా ఉంది, వదులుకున్నప్పుడు నష్టం మనది, వదిలేసినప్పుడు ఎదుటివాళ్లది. ఈ తేడా మనకి పుట్టుకతో తెలుసు కాబట్టి దాన్నే పట్టుకోండి. రూపాలు ఫర్‌గో, ఫర్‌వెంట్, ఫర్‌గాన్. అందులో ఫర్‌వెంట్ చాలా అరుదు.

వాక్యంలో ఫర్‌సేక్ వెనక ఆబ్జెక్ట్ నేరుగా రావాలి. ‘ఫర్‌సేక్ ఫ్రమ్’, ‘ఫర్‌సేక్ టు’ లేవు. ‘హి ఫర్‌సుక్’ అని అక్కడితో ఆపేస్తే ఎవర్ని అని అడుగుతారు. పాసివ్ వాయిస్‌లో మాత్రం ఈ వెర్బ్ చాలా హాయిగా ఒదిగిపోతుంది, ‘షీ వాజ్ ఫర్‌సేకెన్’ అన్నట్టు. వాజ్ బదులు ఫెల్ట్ పెడితే ఫర్‌సేకెన్ విశేషణంలా పనిచేస్తుంది. ‘షీ ఫెల్ట్ ఫర్‌సేకెన్’ అంటే అందరూ తనని ఒంటరిని చేసి వెళ్లిపోయినట్టు అనిపించింది అని, మూడే మాటల్లో. నాకు ఈ వెర్బ్ మీద ఇష్టం ఏర్పడింది ఆ వాక్యంతోనే. అబాండన్డ్ అంటే జరిగిన సంగతి చెప్పినట్టుంటుంది, ఫర్‌సేకెన్ అంటే ఆ బాధ వినబడుతుంది.

మనుషులే ఫర్‌సేక్ చెయ్యాలని కూడా లేదు. ‘హిజ్ కరేజ్ ఫర్‌సుక్ హిమ్’ అంటే సరిగ్గా కావాల్సిన సమయానికి ధైర్యం అతన్ని వదిలేసింది. లక్, స్ట్రెంగ్త్ కూడా ఇలా వాడొచ్చు. తెలుగులో ‘అదృష్టం మొహం చాటేసింది’ అనుకునే చోట ఇది బాగా కుదురుతుంది.

ఫర్‌సేకెన్‌ని విశేషణంగా పెడితే ‘ఎ ఫర్‌సేకెన్ హౌస్’, ఎవరూ పట్టించుకోని పాడుబడ్డ ఇల్లు. గాడ్‌ఫర్‌సేకెన్ అని ఒకే మాటగా రాసేది ఇంకోటుంది, ‘దేవుడు కూడా వదిలేసిన’ చోటు అని. అందులో విసుగూ చులకనా ఉంటాయి, కాబట్టి ఎదుటివాళ్ల ఊరి గురించి ఆ మాట అనకండి, నొచ్చుకుంటారు.

స్థాయి సంగతి కూడా చెప్పాలి. ఇది పుస్తకాల వైపు ఒరిగిన మాట. కథలో, వ్యాసంలో, ప్రసంగంలో, మనసు పెట్టి రాసే ఉత్తరంలో బాగుంటుంది. చాటింగ్‌లో ‘వై డిడ్ యూ ఫర్‌సేక్ మి’ అని పెడితే అవతలివాళ్లు ఏదో పెద్ద గొడవ జరిగిందని టెన్షన్ పడతారు. రిజైన్ లెటర్‌లో ‘ఐ ఫర్‌సేక్ మై జాబ్’ అని అస్సలు రాయకండి, అక్కడ రిజైన్ అనే మాటే సరైనది.

ఇప్పుడు మీరే చెయ్యండి. ‘కష్టాల్లో కూడా ఆమె అతని చెయ్యి విడవలేదు.’ పాస్ట్, పైగా నెగెటివ్, బంధం ఉంది, ఆబ్జెక్ట్ ఉంది. ‘ఈవెన్ ఇన్ హార్డ్ టైమ్స్, షీ డిడ్ నాట్ ఫర్‌సేక్ హిమ్.’ ఇంకోటి: ‘అప్పటికే అందరూ అతన్ని వదిలేశారు.’ అప్పటికే అన్నాం కాబట్టి హ్యాడ్, దాని వెనక వి3: ‘బై దెన్, ఎవ్రీవన్ హ్యాడ్ ఫర్‌సేకెన్ హిమ్.’ ఇక బస్సులో పోయిన ఆ గొడుగు: ‘ఐ లెఫ్ట్ మై అంబ్రెల్లా ఇన్ ద బస్.’