కుంచె ఫాంటుతో 'కథ' రాస్తే 'కధ' అయిందా?

కుంచెతో గీసినట్టుండే లావు ఫాంటు శీర్షికలకు, పోస్టర్లకు, శుభలేఖల మీది పేర్లకు ఎంతో నిండుదనం ఇస్తుంది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన 'రవి ప్రకాష్' అలాంటిదే. కానీ ఫ్లెక్సీ మీదికి వెళ్లేసరికి చాలామందికి అక్షరం చెడిపోతుంది.

థ లోపలి చుక్క పూడుకుపోయింది

'కథ' కాస్తా 'కధ'లా కనిపిస్తుంది. 'ఫ' కింది ఒత్తు కూడా అక్షరానికి అతుక్కుపోతుంది. ముందు బోల్డ్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. రవి ప్రకాష్‌కు ఉన్నది ఒకే మందం. బోల్డ్ అడిగితే సాఫ్ట్‌వేర్ గీత చుట్టూ తనంతట తాను లావు పూస్తుంది. ఆ లావు లోపలికీ వచ్చి ఖాళీలను మింగేస్తుంది. అక్షరం గీసినవారు ఆ ఖాళీని కూడా చూసుకునే గీశారు, దాన్ని మనం పూడ్చకూడదు. బోల్డ్ తీసేసి, సైజు పెంచండి. రంగు అంచు కావాలంటే స్ట్రోక్‌ను 'అవుట్‌సైడ్'కు పెట్టండి.

వెబ్‌సైట్‌లోనూ ఇదే జరుగుతుంది. హెడింగ్‌లను బ్రౌజర్ మామూలుగానే బోల్డ్‌లో చూపిస్తుంది కాబట్టి, సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) ఫాంట్-వెయిట్ 400, అంటే మామూలు మందం, అని మీరే రాయాలి.

ఒత్తులు విడిపోయాయి

'రాష్ట్రం' బదులు 'రాష్‌ట్‌రం' వస్తోందంటే ఫాంటును తిట్టుకోకండి. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటులో రాసే ఉంటుంది, దాన్ని చదవాల్సింది సాఫ్ట్‌వేర్. మీది పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో 'టైప్' కింద 'వరల్డ్-రెడీ లేఅవుట్' ఎంచుకుని, కొత్త డాక్యుమెంటు తెరవండి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్'.

ఒత్తులే కాదు, మొత్తం ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా ఉంటే అది 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాఠం. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఇప్పటి ఫాంట్లన్నీ చదివే పద్ధతిలోకి) మార్చి, ఒక్కసారి ఒత్తులన్నీ కళ్లతో సరిచూసుకోండి.

పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి

అడోబీ సాఫ్ట్‌వేర్లు మామూలుగా వరుసల మధ్య దూరాన్ని అక్షరం సైజులో 120 శాతంగా తీసుకుంటాయి. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. మనకు పైన గుడి, కింద ఒత్తు మీద ఒత్తు. 150 శాతంతో మొదలుపెట్టి, పై వరుసలో 'రాష్ట్రం', కింది వరుసలో 'స్త్రీ' రాసి చూడండి. ఆ రెండూ తగలకపోతే మిగతావాటికి భయం లేదు.

ప్రింటింగ్ షాపులో ఫాంటే మారిపోయింది

వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా, మార్చి పంపండి. మార్చాక తప్పులు దిద్దలేరు, అసలు ఫైలు దాచుకోండి. స్టిక్కర్ కటింగ్‌కైతే, ఒకదానిమీదొకటి పడిన గీతలను ఇలస్ట్రేటర్ పాత్‌ఫైండర్‌లోని 'యునైట్'తో కలిపేయండి. లేదంటే కత్తి అక్షరం మధ్యలోనూ కోస్తుంది.

పేరా చదవలేకపోతున్నాం

దీనికి సెట్టింగు ఏదీ లేదు. పేరాకు 'మండలి' లాంటి ఫాంటు వాడి, కుంచె అక్షరాన్ని శీర్షికకే ఉంచండి.