ఇస్ఫహాన్‌లో మూడు రోజులు: ఏ పూట ఎక్కడ ఉండాలి

మాది పెడన. మా మేనమామ వాళ్లది కలంకారి అద్దకం షెడ్డు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ కరక్కాయ వాసనలోనే గడిచాయి. అందుకే మా ఆయన ఇరాన్ వెళ్దామా అన్నప్పుడు, "ఇస్ఫహాన్‌లో కూడా అచ్చులతో అద్దుతారట, అది చూపిస్తానంటే వస్తా" అన్నాను. 2018 అక్టోబరులో వెళ్లాం. మొదటిరోజు చేయాల్సిన తప్పులన్నీ చేశాం. మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2024 ఫిబ్రవరిలో పదిహేను రోజుల మినహాయింపు ఇచ్చారు, 2025 నవంబరు 22 నుంచి అది ఆపేశారు. ఏ ఏజెంటైనా "వీసా అక్కర్లేదండీ" అంటే నమ్మకండి. టికెట్ కొనే ముందు మన విదేశాంగ శాఖ ఏం చెబుతోందో చూడండి. వద్దంటే ఆగిపోండి. ఇస్ఫహాన్ మైదానం 400 ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకో ఏడాది ఆగుతుంది.

డబ్బు దగ్గర మాకు పెద్ద టెన్షనే అయింది. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, వీసా, మాస్టర్‌కార్డ్ ఏదైనా సరే. డాలర్లో యూరోలో నోట్లుగా పట్టుకెళ్లి, కొంచెం కొంచెంగా మార్చుకోవాలి. నోటు మీద రాసి ఉండేది రియాల్, జనం నోట వచ్చేది తొమాన్. పది రియాళ్లు ఒక తొమాన్. పైగా వేలు అనే మాట మింగేస్తారు. "యాభై" అన్నాడంటే యాభై వేల తొమాన్లు, అంటే అయిదు లక్షల రియాళ్లు. అందుకని ధర చెప్పగానే "రియాలా, తొమానా?" అని అడగడం అలవాటు చేసుకోండి. వాళ్ల అంకెలు కూడా వెళ్లేముందే నేర్చుకోండి, అరగంట పని. సున్నా అంటే చిన్న చుక్క. అయిదు చూస్తే తలకిందులైన హృదయం బొమ్మలా ఉంటుంది.

ఆడవాళ్లు తల కప్పుకోవాలి, పొడుగు చేతులు ఉండాలి. నేను సిల్కు స్కార్ఫు కొనుక్కెళ్లి పొరపాటు చేశాను, గంటకి పదిసార్లు జారింది. రెండోరోజు నుంచి నా మంగళగిరి కాటన్ చున్నీయే, చెవుల వెనక రెండు పిన్నులు. ఇక జారలేదు.

టెహ్రాన్ నుంచి బస్సులో వెళ్లండి. 450 కిలోమీటర్లు, అయిదారు గంటలు. వీఐపీ బస్సు అని అడిగితే వరసకి మూడే సీట్లుంటాయి, కాళ్లు బారజాపుకోవచ్చు.

ఇక ఊరు. నఖ్ష్-ఎ-జహాన్ మైదానాన్ని మేము మొదటిరోజు మిట్టమధ్యాహ్నం చూశాం. తెల్లటి ఎండ, మూసిన కళ్లు, రెండు ఫోటోలు, తలనొప్పి. మైదానం పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160. దాన్ని అలా చూడకూడదు. సాయంత్రం నాలుగుకి వెళ్లి చీకటి పడేదాకా ఉండండి. ఊళ్లోవాళ్లు చాపలు, ఫ్లాస్కులు తెచ్చుకుని గడ్డిలో చేరతారు. ఇరాన్ రాజు షా అబ్బాస్ 1598లో రాజధానిని ఖజ్వీన్ నుంచి ఇక్కడికి మార్చి కట్టించిన మైదానం ఇది. ఇక్కడ పోలో ఆడేవారు, రాతి గోల్ స్తంభాలు ఇప్పటికీ రెండు చివర్లా ఉన్నాయి. హైదరాబాదుని ఈ మైదానం చూసి కట్టారని మా ఆయన దారంతా చెప్పుకొచ్చారు. చార్మినార్ కట్టింది 1591లో కదా, రాజధాని ఇక్కడికి మారనేలేదప్పటికి అన్నాను. ఆ పూటకి ఆ చర్చ ముగిసింది.

ఒక్కటే చూసే టైముంటే తూర్పు వైపున్న షేక్ లుత్ఫుల్లా మసీదు చూడండి. దీనికి మినార్లు లేవు, ప్రాంగణం లేదు. మైదానంలోంచి గుమ్మం దాటగానే చీకటి నడవ, అది ఎడమకి తిరుగుతుంది, మళ్లీ కుడికి తిరుగుతుంది. మైదానం ఒక దిక్కుకి ఉంది, నమాజు మక్కా వైపు చేయాలి, ఆ తేడాని ఈ వంకర నడవలో సర్దేశారు. మీకు తెలియకుండానే తిరిగిపోతారు. నడవలో ఫోన్ లైటు వేయకండి, కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. లోపలికి అడుగుపెట్టాక గుమ్మం దగ్గరే ఆగి తల పైకెత్తండి. గుమ్మటం నడిమధ్యన ఒక నెమలి బొమ్మ, కిటికీలోంచి పడిన వెలుగు దానికి పొడుగాటి తోకలా జారుతుంది. రెండడుగులు ముందుకేస్తే తోక చెదిరిపోతుంది. మొదటిరోజు మేము నేరుగా మధ్యకి వెళ్లిపోయి అది చూడనేలేదు. బయటికొచ్చాక మళ్లీ గుమ్మటం చూడండి. పగలు మీగడ రంగులో ఉన్నది పొద్దు వాలేసరికి గులాబీకి తిరుగుతుంది.

దక్షిణం వైపు పెద్ద నీలి మసీదు గురించి ఒక్కమాటే. గుమ్మటం కింద నల్లరాయి మీద నిలబడి చప్పట్లు కొట్టండి, ఎన్నిసార్లు తిరిగొస్తుందో లెక్కపెట్టండి. పడమర వైపున్న ఆలీ ఖాపు మేడ మెట్లు ఎత్తుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నా నేను ఎక్కాను, పైఅంతస్తులో సంగీతం గది కోసం. గోడల నిండా కూజాల ఆకారంలో గూళ్లు కోశారు.

మధ్యాహ్నం భోజనానికి బజారులో "బెర్యాన్" బోర్డు చూసి మా ఆయన మొహం వెలిగిపోయింది. నాలుగు రోజులుగా కబాబే తింటున్నారు మరి. వచ్చింది ఒక రొట్టె, దాని మీద దాల్చినచెక్క వాసనతో గుండ్రంగా వేయించిన కైమా, పక్కన తులసి లాంటి ఆకు, ఉల్లిపాయ. "అన్నం ఏదయ్యా?" అని తెలుగులోనే అడిగారు. ఇక్కడ బెర్యాన్ అంటే ఇదే, బియ్యం ఆశించకండి. రుచి బాగుంటుంది. శాకాహారులైతే వంకాయతో చేసే కష్క్-ఎ-బాదెంజాన్ అడగండి, పెరుగు పులుపు తగులుతుంది. ఊరి మిఠాయి గజ్, పిస్తాలు ఎక్కువున్న పెట్టె చూసి కొనుక్కోండి.

నా అసలు పని ఖలంకార్, అంటే వాళ్ల అచ్చుల అద్దకం. మైదానం ఉత్తరాన ఖైసరియే గుమ్మం దాటితే బజారు. శుక్రవారం చాలావరకు మూసేస్తారు, మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్లండి. దబ్ దబ్ అని చప్పుడు వినిపించే వైపు నడిస్తే చాలు, అదే అద్దకం. మా పెడనలో అచ్చులు టేకువి, అక్కడ బేరి చెక్కవి. చేతి పక్కకి మెత్త కట్టుకుని అచ్చు మీద గుద్దుతున్నాడు అక్కడో తాత. నల్లరంగు ముందు, తర్వాత ఎరుపు. మా షెడ్డులోనూ అంతే. నేను ఫోన్‌లో మా మామయ్య షెడ్డు ఫోటో చూపిస్తే చేయి కడుక్కుని వచ్చి, అద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

కొనేటప్పుడు గుడ్డ తిరగేయండి. చేత్తో అద్దినదైతే రంగు వెనక్కి కొంత దిగుతుంది. అచ్చు పక్కన అచ్చు కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గీత గీసినట్టు కలిసిపోతే అది మిషను పని. ఒక షాపులో అలాంటిదాన్నే చేతిపని అని నాకు అమ్మబోయారు. ధర అడిగితే "ఖాబెల్ నదారె" అంటారు, అంటే మీకంటే ఎక్కువా అని. అది తారోఫ్, అచ్చం మన మొహమాటమే. వచ్చిన చుట్టం కాఫీ వద్దంటే మనం మూడుసార్లు అడగమూ? మీరూ మూడోసారి దాకా అడగండి, ధర చెబుతారు. నిజమే అనుకుని గుడ్డ పట్టుకుని బయలుదేరకండి.

చివరి సాయంత్రం ఖాజూ వంతెనకి ఉంచుకోండి. మేము వెళ్లినప్పుడు దాని కింది జాయందే రూద్ నదిలో చుక్క నీరు లేదు, పిల్లలు ఏటి మధ్యలో సైకిళ్లు తొక్కుతున్నారు. అయినా చీకటి పడ్డాక వంతెన కింది కమానుల్లో మగవాళ్లు నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాడుతూనే ఉన్నారు.

తెచ్చిన దుప్పటి పెడనలో మామయ్యకి ఇచ్చాను. ముందు తిరగేశాడు. కిటికీ దగ్గర పట్టుకుని, "నలుపు బాగా పట్టింది. ఎరుపులో పటిక కాస్త తగ్గిందమ్మా" అన్నాడు. ఇప్పుడది షెడ్డులో గోడకి వేలాడుతోంది.