లక్నవరం దీవులకైనా గోదావరి గడ్డలకైనా, ముందు నీళ్లు చూసుకుని వెళ్లండి

వరంగల్‌లో దీవి అనే మాట ఎత్తితే అందరి నోటా వచ్చేది ములుగు జిల్లా లక్నవరం చెరువే. వేలాడే వంతెన మీద దిగిన ఫొటో లేని ఫోన్ మన వైపు దొరకడం కష్టం. ఆ ఫొటోలు ఎక్కువగా చెరువు నిండుగా ఉన్నప్పుడు తీసినవి. వాటిని చూసి మే నెలలో పిల్లాజెల్లాతో కారెక్కి వెళ్తే అక్కడ ఉండేది చుట్టూ బురద అంచు తేలిన గుట్ట. మన దగ్గర దీవులు నీళ్లను బట్టి పుడతాయి, నీళ్లను బట్టి పోతాయి, అందుకే ఎక్కడికి వెళ్దాం అనుకునే ముందే అక్కడ ఇప్పుడు నీళ్లెన్ని ఉన్నాయో కనుక్కోవాలి. మిగతా ప్లాన్ అంతా దాని తర్వాతే.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. చెరువులో దీవి, నదిలో దీవి ఒకటి కావు. లక్నవరం 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు. గుట్టల మధ్య ఉన్న సందుల్ని కట్టలతో మూసేశారు, మిగతా పని గుట్టలే చేశాయి. లోపల నీళ్లు నిండాక చిన్న గుట్టల తలలు పైన మిగిలిపోయాయి, మనం కాటేజీలు కట్టుకుని పడుకుంటున్నది ఆ తలల మీదే. కింద రాయి ఉంది కాబట్టి అవి ఎటూ కదలవు. గోదావరి నడిమధ్య కనిపించే గడ్డ అలా కాదు, అది వరద తెచ్చి పోసిన ఇసుక, వండ్రు. ఈ ఏడు ఇక్కడున్నది వచ్చే ఏడు అర కిలోమీటరు అవతల ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. కాబట్టి మొదటి దానికి వెళ్లే పద్ధతి వేరు, రెండో దానికి వేరు.

ముందు తేలికైన లక్నవరం సంగతి. హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే 163 నంబర్ జాతీయ రహదారి పట్టుకోండి, ములుగు దాటాక చల్వాయి దగ్గర కుడివైపు తిరిగి బుస్సాపూర్ మీదుగా లోపలికి వెళ్లాలి. మొత్తం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో వచ్చేవాళ్లు చల్వాయిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి, దిగగానే తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోని ఖాయం చేసుకోండి, ఎందుకంటే సాయంత్రం లోపలి నుంచి రోడ్డు మీదికి రావడమే అసలు టెన్షన్.

ఎప్పుడు వెళ్లాలంటే, వానలు తగ్గిన తర్వాత, దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి వరకు. అప్పుడు చెరువు నిండుగా ఉంటుంది, నీళ్లు తేటపడతాయి. యాసంగి (రబీ) పంటకు తూములు తెరిచి ఆయకట్టుకు నీళ్లు వదలడం మొదలుపెట్టాక మట్టం దిగుతూ పోతుంది, దీన్ని తప్పు పట్టడానికి లేదు, ఆ చెరువు కట్టింది గోవిందరావుపేట పొలాల కోసం, మన సెల్ఫీల కోసం కాదు. జులై, ఆగస్టుల్లో చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకుతుంటే చూడటానికి బాగుంటుంది నిజమే, కానీ ఆ రోజుల్లోనే బోట్లు ఆపేస్తారు, దారిలో వాగులు పొంగుతాయి. బయల్దేరేముందు రిసార్టుకు ఒక ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: చెరువులో నీళ్లెంత ఉన్నాయి, బోట్లు తిరుగుతున్నాయా. 'రండి సార్, బాగుంది' అనే జవాబుతో సరిపెట్టుకోకండి, ఎన్ని అడుగులుందో చెప్పమనండి. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ లెక్క నోటికి వచ్చు.

దీవి మీద రాత్రి ఉండాలనుకుంటే పర్యాటక శాఖ గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. 2024 నవంబర్‌లో మూడో దీవి మీద కొత్త కాటేజీలు తెరిచారు, అవి ఖరీదైనవి, కొత్త జంటలకు బాగుంటాయి. ఇంటిల్లిపాది వెళ్తుంటే నా ఓటు పాత దీవికే, వంతెన మీద నడిచి ఏ వేళకైనా ఒడ్డుకు రావచ్చు, బోటు కోసం చూడనక్కర్లేదు. శని, ఆదివారాలు మానేసి మంగళవారమో బుధవారమో వెళ్తే వంతెన మీద మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. వంతెనను ఊపే కుర్రాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు, ముసలివాళ్లు, చిన్నపిల్లలు దాటాక ఊపుకోమని చెప్పండి. లైఫ్ జాకెట్‌కు బకిల్స్ అన్నీ పెట్టించుకోండి, ఒక్కటి తెగి ఉన్నా ఇంకోటి అడగండి, మొహమాటపడొద్దు. తినే వస్తువులు సంచిలోంచి బయటికి తీశారంటే కోతులు వచ్చేస్తాయి.

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే ఏడాదైతే జాతరకు ముందూ వెనకా కొన్ని వారాలు ఈ రోడ్డు వైపు చూడకండి. అమ్మవార్ల దర్శనానికే వెళ్తే వేరే మాట.

ఇక గోదావరి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. నది గడ్డ మీదికి వెళ్లాలంటే సంక్రాంతి నుంచి మే వరకు, అంతే. జూన్ మొదలైందంటే ఒడ్డు మీద నుంచి చూసి రావాలి. 'వాన పడట్లేదు కదా' అనే మాట గోదావరి దగ్గర చెల్లదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలుస్తుంది, అందులో వచ్చేవి వార్ధా, వైన్‌గంగ నదుల నీళ్లు, అంటే ఎక్కడో మహారాష్ట్ర విదర్భలో పడ్డ వాన. ఇంకా కిందికి వస్తే ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి. మన నెత్తిన ఎండ కొడుతుండగానే కాళ్ల దగ్గర నీళ్లు పెరుగుతాయి. పైన బ్యారేజీల గేట్లు ఎత్తితే అదొకటి.

2022 జులైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర గోదావరి మధ్య కుర్రులో, అంటే ఇలాంటి గడ్డ మీదే, పనికి వెళ్లిన కూలీలు వరదలో చిక్కుకుపోయారు, వాళ్లను బయటికి తేవడానికి జాతీయ విపత్తు దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ రావాల్సి వచ్చింది. వాళ్లు నది తెలిసిన మనుషులు. నది తెలియని మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూసుకోండి. వాగులు అంతకన్నా మొండివి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, అదే వరదలో కొండాయి ఊరిని జంపన్న వాగు ముంచెత్తి ప్రాణాలు తీసింది.

గడ్డ ఎలా ఉంటుందో చూడాలంటే ముందు ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట వంతెన మీదికి వెళ్లండి. పై నుంచి నది పడక మొత్తం కనబడుతుంది. తెల్లగా, చెట్టూచేమా లేకుండా మెరుస్తున్న ఇసుక ఈ మధ్య వరదకు పడ్డది. రెల్లు పొదలు లేచిన గడ్డ కొంచెం వయసున్నది. తుమ్మచెట్లు ఎదిగి ఉంటే అది చాలా వరదలను తట్టుకున్న గడ్డ. ఆ చెట్ల కొమ్మలను గమనించండి, ఎండిన గడ్డి, పాలిథిన్ ముక్కలు, చిరిగిన వల ఒకే ఎత్తులో చుట్టుకుని వేలాడుతుంటాయి. వరద అంత ఎత్తుకు వచ్చి పోయిందన్నమాట. మన తలకు రెండింతల ఎత్తులో ఆ చెత్త కనిపించినప్పుడు ఒళ్లు కొంచెం జలదరిస్తుంది, అది మంచిదే.

దిగాలనుకుంటే ఊరివాళ్లను అడక్కుండా దిగకండి. మంగపేట, ఏటూరునాగారం వైపు ఒడ్డు వెంట మిర్చి తోటలున్నాయి, పొద్దున్నే రైతులో, చేపలు పట్టేవాళ్లో ఎవరో ఒకరు ఉంటారు. 'అన్నా, ఇక్కడ ఎంత లోతుంటది?' అని అడిగి వదిలేయొద్దు, 'మీరెక్కడ దాటుతరు?' అని అడగండి, వాళ్లు దాటే చోటే దాటండి. మోకాళ్ల వరకు నీళ్లున్నాయని నమ్మి పక్కకు జరిగితే అక్కడ ఇసుక తోడిన గుంత ఉండొచ్చు, పైన నీళ్లు చదునుగా, ప్రశాంతంగానే కనబడతాయి, కింద మనిషి మునిగేంత లోతు. గోదావరిలో స్నానాలకు దిగి పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

గడ్డ మీదికి చేరగానే చేయాల్సిన మొదటి పని, ఒక పుల్ల తీసుకుని నీటి అంచున, సరిగ్గా తడి ఇసుక మొదలయ్యే చోట గుచ్చడం. ఫొటోలు, టిఫిన్లు తర్వాత. ప్రతి పావుగంటకోసారి పుల్లను చూడండి. పుల్ల నీళ్లలోకి పోయిందంటే, వేలెడే కదా అని లెక్కలు వేయకుండా సామాను సర్దేయాలి. నీళ్ల రంగు తేట నుంచి చాయ్ రంగుకు తిరిగినా, నురుగు, పుల్లలు, ఆకులు కొట్టుకురావడం మొదలైనా అదే మాట. మనం దాటి వచ్చిన పాయే ముందు నిండుతుంది కాబట్టి గడ్డ ఇంకా పొడిగా ఉందని ధీమాగా కూర్చుంటే దారి మూసుకుపోతుంది. పెద్ద గుంపుగా వెళ్తే ఒకరిని ఒడ్డు మీదే ఉంచండి, ఫోన్ చార్జింగ్ చూసుకుని.

వానాకాలంలో ఒడ్డు నుంచి చూడటానికి వెళ్లినా సరే, ఆ రోజు కాళేశ్వరం, రామన్నగూడెం ఘాట్ల దగ్గర నీటిమట్టం ఎంతో వార్తల్లో చూసుకోండి. కిందన భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిన రోజున మన వైపు లోతట్టు రోడ్లు కూడా నమ్మదగ్గవి కావు, ఇంట్లో మిర్చి బజ్జీలు వేసుకోవడం నయం.

దూరం వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకు ఇంకొన్ని. సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలో వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయ స్వామి గుడి ఉంది, మిడ్ మానేరు జలాశయం నిండాక గుట్ట చుట్టూ నీళ్లు చేరి అదొక దీవి అయిపోయింది, మార్గశిర పౌర్ణమికి దత్త జయంతి నాడు భక్తులు బోటెక్కి వెళ్తారు. చుట్టూ మునిగింది ఊళ్లు, పొలాలు, అది గుర్తుంచుకుని అక్కడ కేకలు, డీజేలు తగ్గించుకుంటే బాగుంటుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయంలో బోటులో తిరుగుతూ చూడటం వరకే, అందులో మొసళ్లున్నాయి, చేయి కూడా నీళ్లలో పెట్టొద్దు. మెదక్ వైపు వెళ్తే ఏడుపాయల ఉంది, మంజీర నది పాయలుగా చీలిన చోట వనదుర్గమ్మ గుడి. పైనుంచి నీళ్లు వదిలితే గుడి ముందుకు వరద వచ్చేస్తుంది, అప్పుడు రాజగోపురంలో ఉత్సవ విగ్రహానికి పూజలు చేస్తారు, మొక్కు అక్కడే చెల్లించుకోండి.

లక్నవరం వెళ్లిన రోజే రామప్ప కూడా చూసేద్దామనుకునేవాళ్లు పొద్దున పూట రామప్పకు వెళ్లండి, 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నానికి జనం బాగా పెరుగుతున్నారు. గుడి చూశాక రామప్ప చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని, అన్నాలు తిని, ఎండ వాలాక లక్నవరం చేరితే బోటు టికెట్ కిటికీ మూసేలోపు ఒక తిరుగు తిరగొచ్చు. తాడ్వాయి దాటి ఏటూరునాగారం వైపు అడవి రోడ్డు మాత్రం చీకటి పడకముందే దాటేయండి, అడవి జంతువులు, ఆవులు రోడ్డు మీదికి వస్తాయి, సిగ్నల్ కూడా చాలాచోట్ల అందదు.