చల్లని నూడుల్స్‌కి శెనక్కాయల సాస్

ఎండాకాలం అనంతపురంలో మధ్యాహ్నం పూట వేడన్నం ముందు కూర్చోబుద్ధి కాదు. అలాంటప్పుడు చల్లని నూడుల్స్ చేసుకోండి. మనకు శెనక్కాయలకు కొదవా! అరకప్పు విత్తనాలు సన్నని మంట మీద వేయించి, పొట్టు తీసి, నూనె తేలేదాకా మిక్సీ పట్టండి. వెల్లుల్లి, కారం, కొంచెం బెల్లం, 2 చెంచాల సోయా సాస్, నిమ్మరసం కలపండి. గోరువెచ్చని నీళ్లు మాత్రం చెంచా చెంచాగానే పోయాలి. మొదట ముద్ద బిగుసుకుని విరిగినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. కలుపుతూనే ఉంటే నున్నగా, గరిటజారుగా వస్తుంది. మన శెనక్కాయల పచ్చడి ఊరిబిండి కంటే బాగా పలచగా ఉంచండి, ఫ్రిజ్‌లో పెడితే చిక్కబడుతుంది. ఉడికిన నూడుల్స్‌ను జిగురు పోయేదాకా చన్నీళ్లలో కడిగి, పూర్తిగా వడకట్టండి. తడి మిగిలితే సాస్ పట్టదు. కీరా తరుగు వేసి తినేముందే కలపండి.